కారు వెనక లాగే క్యాంపింగ్ ట్రైలర్‌కి ఇన్సూరెన్స్: థర్డ్ పార్టీ చాలా, ఫుల్ తీసుకోవాలా?

బీచ్‌రోడ్_బాటసారి (యెండాడ, విశాఖ)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇంట్లో నలుగుతున్న ముచ్చట మొత్తానికి తీరింది. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాను. ఫైబర్ బాడీ, మేమిద్దరం, పిల్లలిద్దరూ ఒదిగి పడుకునేంత మంచం, వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగట్టు, పైన సోలార్ ప్యానెల్. ఇంజన్ లేదు, మన కారే లాగాలి. ఆర్సీ ఫొటో కింద పెట్టాను. ఆర్సీలో "క్యాంపర్ వ్యాన్ / ట్రైలర్, ప్రైవేట్ యూజ్" అని ఉంది. బండి వయసు మూడేళ్ళు దాటింది. రాజమండ్రి నుంచి నాలుగున్నర లక్షలకు వచ్చింది.

చిక్కల్లా ఇన్సూరెన్స్ దగ్గరే. పాత ఓనర్ పాలసీ ఎప్పుడో అయిపోయింది. నాకు తెలిసిన ఒక ఏజెంటు "మీ కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, దాని వెనక ఏం తగిలించినా కవర్ అయిపోద్ది" అన్నాడు. ఇంకొకాయన "ట్రైలర్ అంటే కమర్షియల్ కిందకు వస్తుంది, చాలా అవుతుంది" అన్నాడు. ఆన్‌లైన్‌లో ట్రైలర్ అని కొడితే లారీ ట్రైలర్లే వస్తున్నాయి. దసరా సెలవుల్లో అరకు వెళ్దామని పిల్లలకు మాటిచ్చేశాను. మామూలుగా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఉంటుంది, అక్కడి నుంచి సముద్రం అర కిలోమీటరు. ఏం తీసుకోవాలో చెప్పండి.

అరకు_బులెట్

బండి ఫొటో పెట్టకుండా ఇన్సూరెన్స్ అడగడం నేరం అన్నా. ముందు ఫొటో, తర్వాత పాలసీ.

పెందుర్తి_రైతు

ఏటి బాబూ, ఇంజనుకు ఇన్సూరెన్స్ ఉంటే తొట్టికీ ఉన్నట్టేనా? ఈ మాట నమ్మి మా చిన్నాన్న ఏడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. ట్రాక్టర్‌కి పాలసీ ఉంది, తొట్టికి లేదు. చెరకు లోడుతో మలుపు తిరుగుతుంటే తొట్టి వెనక మూల తగిలి సైకిలు మీద వెళ్తున్న మనిషికి కాలు పోయింది. కంపెనీ లాయరు కోర్టులో నిలబడి "గుద్దింది తొట్టి, మేము ఇన్సూర్ చేసింది ఇంజను" అన్నాడు. చివరకు సెటిలైంది గానీ ఈలోపు మా చిన్నాన్న ఎకరం భూమి తనఖా పెట్టాడు. మీ సోకు బండయినా, మా తొట్టయినా చట్టానికి ఒకటే. రెండింటికీ ఇంజన్ లేదు, రెండింటికీ వేరే నంబరు ఉంటుంది.

పాలసీ_బాబు

పెద్దాయన చెప్పింది కమర్షియల్, వ్యవసాయం సంగతి. ప్రైవేట్ కారు పాలసీలో టోయింగ్‌కి పర్మిషన్ ఉంటుంది. నేను పదేళ్ళుగా పాలసీలు చేస్తున్నాను. కారు పాలసీ బుక్‌లెట్ తెరిచి చూసుకోండి, టోయింగ్ అని హెడ్డింగే ఉంటుంది.

రిటైర్డ్_సర్వేయర్ (ఎంవీపీ కాలనీ)

పాలసీ బాబు గారూ, ఆ హెడ్డింగ్ మామూలుగా ఉండేది కమర్షియల్ వాహనాల పాలసీలో, దాని కింద ఉన్నది కూడా చదివితే బాగుండేది. అందులో ఉన్నది "చెడిపోయిన వాహనాన్ని" లాగే సంగతి. దారిలో ఆగిపోయిన స్నేహితుడి కారుకు తాడు కట్టి మెకానిక్ దగ్గరకు చేర్చడం లాంటిది. అప్పుడు కూడా లాగబడే బండికి జరిగిన డ్యామేజీ ఇవ్వరు. క్యాంపింగ్ ట్రైలర్‌కి దానితో ఏ సంబంధమూ లేదు.

ముప్ఫై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున బండ్ల డ్యామేజీ సర్వే చేసి ఇప్పుడు మొక్కలకు నీళ్ళు పోసుకుంటున్న మనిషిని, కాస్త వివరంగా చెబుతాను.

1988 మోటారు వాహనాల చట్టం లెక్కన ట్రైలర్ కూడా మోటారు వాహనమే. ఇంజన్ లేదు కదా అనేది చెల్లదు. కాబట్టి రిజిస్ట్రేషన్ వేరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా వేయవచ్చు. జరిమానా సంగతి అలా ఉంచండి, ఎవరికైనా ప్రాణం పోతే నష్టపరిహారానికి పరిమితి ఉండదు. పాలసీ లేకపోతే అదంతా మీ ఇంటి మీద పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రైవేట్ కారు పాలసీకి ట్రైలర్‌ని కలపడానికి ఒక ఎండార్స్‌మెంట్ ఉంది. ఐఎంటీ 30 అంటారు. కాస్త ప్రీమియం కట్టించుకుని, ట్రైలర్ రిజిస్ట్రేషన్ నంబరు, దాని విలువ రాసి కారు పాలసీకి అతికిస్తారు. మీ ఏజెంటు "కవర్ అయిపోద్ది" అన్నది ఇది చేయించుకుంటేనే. చేయించుకోకపోతే కాదు. ఇందులో రెండు షరతులు ఉన్నాయి, ఎవరూ చదవరు:

ఒకటి, "ట్రైలర్" అంటే అందులో ఉన్న సామాను కాదు. పైన పెట్టినదీ కాదు.

రెండు, ట్రైలర్ లోపల కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళకు దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ఈ కవర్ వర్తించదు. మీరు పెట్టుకున్న కూలీ అయితే వేరు.

రెండోది మీకు ముఖ్యం. పిల్లలు "నాన్నా, మేము లోపల పడుకుని వస్తాం" అంటారు. ఘాట్ ఎక్కేటప్పుడు చల్లగాలి, మెత్తటి పరుపు, ఎవరికైనా అనిపిస్తుంది. వద్దని గట్టిగా చెప్పండి. ఇన్సూరెన్స్ కోసమే కాదు, ఆ మంచానికి సీటు బెల్టు ఉండదు.

బీచ్‌రోడ్_బాటసారి

మాస్టారూ, మీరు మా ఇంట్లో మాటలు గోడ పక్క నుంచి విన్నట్టు రాశారు. నిన్న రాత్రే చిన్నది సరిగ్గా ఇదే అడిగింది.

ఒక డౌటు. కారు మా ఆవిడ పేరు మీద ఉంది, ట్రైలర్ నా పేరు మీద బదిలీకి పెట్టాను. ఇబ్బందా?

రిటైర్డ్_సర్వేయర్

ఇబ్బందే. ఆవిడ పాలసీలో మీ ఆస్తిని కలపమని అడుగుతున్నట్టు అవుతుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు గమనించకుండా చేసేసినా, క్లెయిమ్ రోజున ఎవరో ఒకరు గమనిస్తారు. బదిలీ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ట్రైలర్‌ని కూడా మీ ఆవిడ పేరు మీదకే మార్పించండి. రెండు ఆర్సీలూ, ఒక పాలసీ, ఒకే పేరు. గొడవ ఉండదు.

అరకు_బులెట్

అన్నా, అయితే రేపట్నుంచి నువ్వు వదినగారి బండికి డ్రైవర్‌వి. జీతం మాట్లాడుకో.

ఉప్పుగాలి (మధురవాడ)

నా అనుభవం చెబుతాను, కాస్త పెద్దదే. మాకూ ఇలాంటి ఫైబర్ ట్రైలరే ఉంది, మూడో ఏడాది నడుస్తోంది. ఐఎంటీ 30 వేయించాం, కారుకి జీరో డెప్ (భాగాల అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చే యాడ్ ఆన్) కూడా ఉంది. ఇంకేం భయం అనుకున్నాం.

పోయిన సంవత్సరం భీమిలి నుంచి తిరిగి వస్తుంటే, తొట్లకొండ దాటాక ఒక ఆటో హఠాత్తుగా అడ్డం వచ్చింది. మావారు పక్కకు కోశారు. కారు తప్పించుకుంది, ట్రైలర్ తప్పించుకోలేదు. డివైడర్ అంచుకు ఎడమ పక్క అంతా రాసుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, పెద్ద రేకు డబ్బాని గచ్చు మీద ఈడ్చినట్టు. దిగి చూస్తే పక్క ప్యానెల్ చీలి, లోపలి ఫోమ్ బయటకు కనపడుతోంది. వెనక లైట్ల డబ్బా ముక్కలు. లోపల ఫ్రిజ్ తలుపు ఊడి కింద పడింది, పెరుగన్నం డబ్బా పగిలి పరుపు నిండా పెరుగు.

బిల్లు ఇలా వచ్చింది: ఫైబర్ ప్యానెల్ 80,000, లైట్ల డబ్బా 6,000, పెయింటు 20,000. మొత్తం 1,06,000. సర్వేయర్ గారు కోసింది: ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం, అంటే 24,000. ప్లాస్టిక్‌కి సగం, 3,000. పెయింటులో నాలుగో వంతు మెటీరియల్ కింద లెక్కేసి అందులో సగం, 2,500. తప్పనిసరి డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన వాటాగా భరించాల్సింది) 2,000. మా చేతికి వచ్చింది 74,500.

"జీరో డెప్ ఉంది కదండీ" అంటే, ఆ యాడ్ ఆన్ కారుకి మాత్రమే రాశారు, ట్రైలర్‌కి రాయలేదు అన్నారు. తీసి చూస్తే నిజమే. అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫ్రిజ్‌కి పైసా రాలేదు. అది "సామాను" అట.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. పేరు మార్చినా కథ ఇదే ఉంటుందని నా నమ్మకం.

బీచ్‌రోడ్_బాటసారి

అయ్యో. ఫ్రిజ్ బోల్టులతో బిగించినది కాదా మేడమ్?

ఉప్పుగాలి

కాదండీ. అటూ ఇటూ బెల్టు వేసి నిలబెట్టాం. అక్కడే దొరికిపోయాం.

రిటైర్డ్_సర్వేయర్

మేడమ్ గారి కేసులో సర్వేయర్ కోత రూల్ ప్రకారమే ఉంది. ఫైబర్‌కి 30, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లకు 50, గాజుకు కోత లేదు. మిగతా భాగాలకు బండి వయసును బట్టి. క్యాంపింగ్ ట్రైలర్ అంటే ముప్పావు వంతు ఫైబరే, కాబట్టి కారుకన్నా దీనికే కోత ఎక్కువ కొరుకుతుంది. జీరో డెప్ ఎవరికైనా నిజంగా కావాలంటే అది ట్రైలర్‌కే కావాలి. ఇస్తారా ఇవ్వరా అనేది ఆఫీసును బట్టి ఉంటుంది. మెయిల్‌లో అడగండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో "ఉంటుంది సార్" అంటే లేనట్టే లెక్క.

ఫ్రిజ్, ఇన్వర్టర్, సోలార్ ప్యానెల్ సంగతి. బండితో పాటు కంపెనీ ఇన్వాయిస్‌లో వచ్చినవి బండి విలువలోనే ఉంటాయి. తర్వాత పెట్టించుకున్నవైతే విడిగా ఎలక్ట్రికల్ ఫిట్టింగ్స్ కింద విలువ రాయించాలి, దానికి వేరే ఎండార్స్‌మెంట్ ఉంది, ఐఎంటీ 24. పాత టారిఫ్‌లో రేటు విలువ మీద 4 శాతం. 50,000 సామానుకి 2,000. కానీ అవి ఫిట్ అయి ఉండాలి, బిల్లు ఉండాలి. బెల్టు వేసి నిలబెట్టినవి, పరుపులు, గ్యాస్ పొయ్యి, గిన్నెలు, మీ కెమెరా... ఇవేవీ రావు.

పాలసీ_బాబు

సరే, టోయింగ్ క్లాజు విషయంలో నాది పొరపాటే, ఒప్పుకుంటున్నాను. నేను ఇప్పటిదాకా ఒక్క ట్రైలర్ కూడా చేయలేదు, నిజం చెప్పాలంటే. సామానుకి ఇంటి పాలసీ పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే, భారత్ గృహ రక్ష ఇంటి అడ్రసు దగ్గర ఉన్న సామానుకే. వాహనాలు అందులో రావు.

గాజువాక_మెకానిక్

అందరూ కాగితాల గురించే మాట్లాడుతున్నారు. హిచ్ (కారుకి ట్రైలర్ తగిలించే కొక్కెం) ఎవరు పెట్టారు అన్నా? ఆటోనగర్‌లో రెండు పట్టీలు వెల్డింగ్ చేసి బాల్ పెట్టేవాళ్ళు ఉన్నారు. ఛాసిస్‌కి బోల్టు కాకుండా బంపర్ బ్రాకెట్‌కి వెల్డింగ్ చేసింది నేనే రెండు చూశాను. మన ఘాట్ రోడ్డులో అనంతగిరి ముందు మలుపుల్లో అది ఎంతసేపు ఉంటుందో దేవుడికే తెలియాలి.

మీ కారు మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చో చూడండి. బ్రేకు ఉన్న ట్రైలర్‌కి ఒక అంకె, లేనిదానికి ఒక అంకె ఉంటాయి. అసలు టోయింగే రాయని కార్లు కూడా ఉన్నాయి. ట్రైలర్ ఆర్సీలో మొత్తం బరువు చూడండి. 750 కిలోల లోపైతే టీ1 తరగతి, అక్కడి నుంచి 3,500 దాకా టీ2. ఖాళీ బండి కాదు, నీళ్ళ ట్యాంకు, గ్యాస్, సామాను అన్నీ కలిపి. నూరు లీటర్ల నీళ్ళంటే నూరు కిలోలు, అది చాలామంది మరిచిపోతారు. పెందుర్తి దగ్గర ఏదైనా వే బ్రిడ్జి ఎక్కించి చీటీ తీసుకోండి.

రిటైర్డ్_సర్వేయర్

ఈ తమ్ముడు చెప్పింది క్లెయిమ్‌కి కూడా సంబంధించిందే. ఊడిపోయిన ట్రైలర్ కేసులో సర్వేయర్ మొదట ఫొటో తీసేది కప్లర్‌ది (హిచ్‌కి తగులుకునే ట్రైలర్ వైపు భాగం), రెండోది సేఫ్టీ చైన్లది. తెగిన చోట మెరుపు ఉంటే కొత్తగా తెగింది, తుప్పు ఉంటే పాత పగులు. పాత పగులైతే అది ప్రమాదం కాదు, అరుగుదల అంటారు. సముద్రం పక్కన ఉండే బండికి ఇది ఇంకా ముఖ్యం. ఉప్పుగాలికి ఛాసిస్ తినేస్తే, అతుకుల్లో నీళ్ళు దిగి ప్లైవుడ్ కుళ్ళితే, ఏ ఫుల్ పాలసీ కూడా ఇవ్వదు. మేడమ్ పేరు చూసి అన్నది కాదు.

ఉప్పుగాలి

😄 నెలకోసారి మంచినీళ్ళతో కింద కూడా కడగండి. యెండాడలో తుప్పు మధురవాడకన్నా వేగం.

సీతమ్మధార_72

నేను వేరే సంగతి చెబుతాను. 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ రోజు మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన రెండు కార్లు, ఒకే వేపచెట్టు కింద. పొద్దున్న గాలి మొదలైన గంటకే చెట్టు కూలింది, రెండూ నలిగాయి. ఒకటి ప్యాకేజ్ పాలసీ, అంటే ఫుల్, తుపాను అందులో ఉంటుంది, డబ్బు వచ్చింది. రెండోది నాది, థర్డ్ పార్టీ మాత్రమే. పాత బండి కదా ఎందుకులే అని ఆ ఏడాదే తగ్గించాను. ఇనుప సామాను వాడికి అమ్మాను. మీ ట్రైలర్ సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఖాళీ స్థలంలో ఉంటుంది అన్నారు. దాని బరువు కారు బరువులో సగం, ఎత్తు కారుకన్నా ఎక్కువ. గాలికి తెరచాపే. థర్డ్ పార్టీ మాత్రమే అనే ఆలోచన మానేయండి.

అరకు_బులెట్

ఆ రోజు మా డాబా మీది వాటర్ ట్యాంకు రెండు వీధులు అవతల దొరికింది. ఒప్పుకుంటున్నాను.

బీచ్‌రోడ్_బాటసారి

కారు నుంచి విప్పి పార్క్ చేసి ఉన్నప్పుడు కూడా కవర్ ఉంటుందా మాస్టారూ? ఏడాదిలో 330 రోజులు అది అలాగే ఉంటుంది.

రిటైర్డ్_సర్వేయర్

మంచి ప్రశ్న, సూటిగా జవాబు చెప్పలేని ప్రశ్న. ఎండార్స్‌మెంట్‌లో నంబరు వేసి ట్రైలర్ అని రాశారు కాబట్టి ఉండాలనే నేను అంటాను. కంపెనీవాళ్ళు "కారుకు తగిలించి ఉన్నప్పుడే" అనవచ్చు. థర్డ్ పార్టీ విషయంలో అయితే ఆగి ఉన్న వాహనం కూడా "వాడకం" కిందకే వస్తుందని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పూణే వైపు హైవే పక్కన పడిపోయిన పెట్రోలు ట్యాంకర్ గంటల తర్వాత పేలిన కేసు అది. సొంత డ్యామేజీకి మాత్రం ముందే మెయిల్ రాసి "విప్పి ఇంటి దగ్గర నిలిపినప్పుడు తుపాను, దొంగతనం వర్తిస్తాయా" అని అడిగి ఒక్క ముక్క రాయించుకోండి. ఆ మెయిల్ ప్రీమియం రసీదుకన్నా విలువైనది.

కౌంటర్‌లో "ఇది మా సిస్టమ్‌లో రాదు" అంటే కంగారు పడకండి. ట్రైలర్‌కే విడిగా, మిస్సిలేనియస్ వాహనాల తరగతిలో పాలసీ అడగవచ్చు. ఆర్సీలో ప్రైవేట్ యూజ్ అని ఉందని చూపించండి. కారు ఎవరిదైనా లాగగలిగేలా కావాలన్నా ఆ దారే మేలు. ఐఎంటీ 30 మీ కారు పాలసీకి అతికినది, మీ బావమరిది కారు వెనక తగిలిస్తే వాదన మళ్ళీ మొదలు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, అందులో బేరం ఉండదు. బేరం అంతా సొంత డ్యామేజీ ప్రీమియంలోనే.

గాజువాక_మెకానిక్

అరకు_బులెట్ బావా, నువ్వు మొన్న దీన్ని వీకెండ్ అద్దెకు తీసుకుందామన్నావు కదా, అది ఇక్కడ అడుగు.

అరకు_బులెట్

పరువు తీశావు. అన్నా, అడుగుతున్నా, రెండు రోజులకు ఎంత?

రిటైర్డ్_సర్వేయర్

ఇవ్వకండి. ప్రైవేట్ పాలసీలో అద్దెకు, ప్రతిఫలానికి వాడకం లేదని స్పష్టంగా ఉంటుంది. "డీజిల్ డబ్బులే ఇచ్చాడండీ" అన్నా, ఫోన్‌పేలో ఐదు వేలు కనపడితే అయిపోయింది. అద్దెకు తిప్పాలంటే ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్, పర్మిట్, దాని పాలసీ, అది వేరే దారి.

పెందుర్తి_రైతు

అద్దె కావాలంటే మా తొట్టి ఉంది బులెట్ గారూ. దానిలో కూడా పడుకోవచ్చు, గడ్డి వేస్తాను.

మోడరేటర్

అద్దె బేరాలు ఈ దారంలో వద్దు. తొట్టి బేరం కూడా.

ఉప్పుగాలి

ఒకటి రాయడం మరిచాను, ఇదే నాకు అన్నిటికన్నా మంట. ట్రైలర్ క్లెయిమ్ చేసినందుకు మా కారు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయింది. 50 శాతం నుంచి సున్నా. కారుకి గీత కూడా పడలేదు!

పాలసీ_బాబు

రెండూ ఒకే పాలసీ కాబట్టి పోతుంది మేడమ్. ఇది నాకు తెలిసిన సబ్జెక్ట్, లెక్క చెప్పనివ్వండి. బోనస్ లేకుండా కారు సొంత డ్యామేజీ ప్రీమియం 16,000 అనుకుందాం, ఏటా మారదనీ అనుకుందాం. 50 శాతంలో ఉన్నవాళ్ళు 8,000 కడతారు. క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది 16,000. ఆ తర్వాత 20, 25, 35, 45 శాతం మెట్లు ఎక్కుతూ మళ్ళీ 50కి చేరాలి. అదనంగా కట్టేది: 8,000, 4,800, 4,000, 2,400, 800. కలిపితే 20,000. అంటే మీ చేతికి 20,000 కన్నా తక్కువ వచ్చే డ్యామేజీకి క్లెయిమ్ చేయడం దండగ. మేడమ్ గారికి 74,500 వచ్చింది కాబట్టి చేయడమే సరైనది. ఈ నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) కోసమే ఎన్‌సీబీ ప్రొటెక్షన్ అని యాడ్ ఆన్ ఉంది, అడగండి.

రిటైర్డ్_సర్వేయర్

ఈ లెక్క బాగుంది, పాలసీ బాబు గారూ. ఇలా చెప్పే ఏజెంటు ఉంటే మాకు సగం పని తగ్గేది.

ట్రైలర్‌కి విడిగా పాలసీ తీసుకోవడానికి ఇది ఇంకో కారణం. ప్రీమియం కాస్త ఎక్కువైనా కారు బోనస్ జోలికి రాదు.

బీచ్‌రోడ్_బాటసారి

విలువ ఎంత వేయించాలి? కొన్నది నాలుగున్నర లక్షలకు. మొదటి ఓనర్ ఇన్వాయిస్ ఎనిమిది లక్షలు, ఫ్రిజ్ కలిపి. సోలార్ ఆయన తర్వాత పెట్టించుకున్నది, బిల్లు ఉంది, 38,000.

రిటైర్డ్_సర్వేయర్

మూడేళ్ళు దాటి నాలుగు లోపు అంటే 40 శాతం తీసేస్తారు. ఎనిమిదిలో మిగిలేది 4,80,000. అదే ఐడీవీ, అంటే పాలసీలో బండికి రాసే విలువ. మీరు కొన్న ధరకు దగ్గరగానే ఉంది, ఇంకా తగ్గించి ప్రీమియం మిగుల్చుకోవాలని చూడకండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పోయినట్టే లెక్క కట్టి ఐడీవీయే ఇస్తారు. పెద్ద ఫైబర్ డ్యామేజీకి ఆ గీత త్వరగా వస్తుంది. సోలార్ విడిగా. పాలసీ గడువు తీరింది కాబట్టి ముందు ఇన్‌స్పెక్షన్ చేస్తారు, ఆ రోజు బండి కడిగి పెట్టండి, పాత గీతలన్నీ వాళ్ళ ఫొటోల్లో ఉండేలా చూసుకోండి.

బీచ్‌రోడ్_బాటసారి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ అప్‌డేట్. ఆర్సీ మా ఆవిడ పేరు మీదకు మారింది. (బులెట్, నోరు మూసుకో.)

నాలుగు ఆఫీసులు తిరిగాను. మొదటి రెండు చోట్ల "సిస్టమ్‌లో రాదు". మూడో చోట మేనేజర్ గారికి ఐఎంటీ 30 అని పేరు పెట్టి అడిగితే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వేస్తామన్నారు, కానీ జీరో డెప్ ట్రైలర్‌కి ఇవ్వం అని రాతపూర్వకంగా చెప్పేశారు. విప్పి పార్క్ చేసినప్పటి సంగతి అడిగితే పై ఆఫీసుకు రాస్తాం అన్నారు, ఆరు రోజులైనా జవాబు లేదు. నాలుగో చోట విడి పాలసీ, మిస్సిలేనియస్ తరగతిలో ప్యాకేజ్. ఐడీవీ 4,80,000, సోలార్ 38,000 విడిగా. ఇంటి దగ్గర నిలిపినప్పుడు కూడా తుపాను, దొంగతనం వర్తిస్తాయని మెయిల్‌లో జవాబిచ్చారు, దాన్ని ప్రింట్ తీసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. ప్రీమియం మూడో చోటికన్నా ఎక్కువే. సంవత్సరానికి రెండు సార్లు బీచ్ రోడ్డులో ఐస్‌క్రీం మానేస్తే సరిపోయేంత కాదు, నిజాయితీగా చెబుతున్నాను. కానీ కారు బోనస్ 45లో ఉంది, దాన్ని పణంగా పెట్టాలనిపించలేదు.

హిచ్ కూడా విప్పించి చూపించాను. మూడు బోల్టుల్లో ఒకటి వదులు. తమ్ముడికి థ్యాంక్స్. ఫ్రిజ్‌కి కింద నాలుగు బోల్టులు బిగించాం.

పాలసీ కాపీ ఫొటో పెడుతున్నాను, నంబర్లు సగం కప్పాను. చూడండి మాస్టారూ.

గాజువాక_మెకానిక్

ట్రైలర్ నంబరు పక్కన రాయించావా? వెనక కారు నంబరు పెట్టాలి. రెండూ ఉండాలి, ఘాట్ మొదట్లో చెక్ పోస్టు దగ్గర అడుగుతారు.

బీచ్‌రోడ్_బాటసారి

పక్కన దానిది, వెనక కారుది. పెయింటు ఇంకా ఆరలేదు.

రిటైర్డ్_సర్వేయర్

చూశాను. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఛాసిస్ నంబరు చివర మీరు కప్పకుండా వదిలిన నాలుగు అంకెలు పాలసీలో 4187. మీరు మొదటి పేజీలో పెట్టిన ఆర్సీ ఫొటోలో 4781. ఏది తప్పో బండి మీద చెక్కిన నంబరు చూసుకుని, ఈరోజే సరిచేయించండి. పోలీసు పట్టించుకోడు, క్లెయిమ్ ఫైలు పట్టించుకుంటుంది. సరిచేయడానికి మొండికేస్తే కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు, మన రాష్ట్రం వారి పరిధిలోదే, ఫీజు లేదు. అంతదాకా వెళ్ళే అవసరం రాదులెండి.

బీచ్‌రోడ్_బాటసారి

టార్చి పట్టుకుని కింద దూరి చూశాను. 4781. ఆఫీసుకు వెళ్తున్నాను.

బీచ్‌రోడ్_బాటసారి

సాయంత్రం నాలుగున్నరకు సరిచేసిన ఎండార్స్‌మెంట్ చేతికిచ్చారు. ఈసారి అక్కడే నిలబడి ఒక్కో అంకె చదివాను. వెనక లైన్లో ఉన్నాయన విసుక్కున్నాడు.

అరకు_బులెట్

ఇప్పటికైనా ఫొటో పెట్టు అన్నా.